బుల్లితెరకు వెల – ఏరుకునే హక్కు కథ



చవకైన ప్యాకేజీ ఏదని చాలామంది అడుగుతుంటారు. దానికి ముందు, ఈ వెల ఎట్లా పుట్టిందో తెలుసుకోవడం మేలని నా అభిప్రాయం.

1975 ఆగస్టులో 'సైట్' ఉపగ్రహ ప్రయోగం మొదలైనప్పుడు, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల పల్లెలలో సామూహిక టీవీ ముందు కూర్చున్నవారు పైసా చెల్లించలేదు. సొంత టీవీ ఉన్నవారు మాత్రం లైసెన్సు రుసుము కట్టేవారు. తరువాత అదీ రద్దయింది.

1991 గల్ఫ్ యుద్ధం నాటినుండి కేబులు విస్తరించింది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. కేబులు చట్టమూ ఆ ఏడాదిదే. కేబులబ్బాయికి నెలనెలా ఒకే మొత్తం ఇచ్చేవాళ్ళం. అందులో ఏ ఛానలు వాటా ఎంతో మనకు తెలిసేది కాదు. కోరినదానికే చెల్లించే 'కాస్' విధానానికి 2002లో చట్టసవరణ జరిగినా, అది 2003లో చెన్నైకి, 2007లో ఢిల్లీ, ముంబయి, కలకత్తాలలోని కొన్ని ప్రాంతాలకు వచ్చి ఆగిపోయింది.

2019 ఫిబ్రవరి 1న ట్రాయ్ నూతన విధానం అమలులోకి వచ్చాక ప్రతి ఛానలుకూ వేరే ధర ప్రకటించవలసి వచ్చింది. నూరు ఛానళ్ళ వరకు నెట్‌వర్కు రుసుము పన్నుగాక 130 రూపాయలు మించరాదన్నారు. ఏరుకునే హక్కు దక్కింది. కానీ విడిధరలు ఎక్కువగానూ, 'బొకే' ధరలు తక్కువగానూ ఉండడంతో జనం మళ్ళీ గంపగుత్తకే మొగ్గారు. మూరెడు మల్లెలు చాలన్నవాడికి కనకాంబరం, మరువం కలిపి కట్టిన దండే చవకగా కనిపించినట్లు! 2024 జూలైలో ఆ 130 రూపాయల పరిమితినీ తొలగించారు.

2020లో వచ్చిన ఆహా వంటి ఓటీటీల చందాకు ట్రాయ్ ధరల కట్టడి లేదు. ఫోను రీఛార్జితో కలిపి ఇచ్చేవి కూడా దండలే.

పింఛనుతో గడిపే మా ఇంట్లో నెలరోజులపాటు చూసిన ఛానళ్ళు కాగితం మీద రాశాము, ఏడు తేలాయి. ముందు ఆ జాబితా రాసి, విడిధరలు కూడి, ఆపైన బొకేతో పోల్చండి. వార్తలు, పాత పాటలు చాలనుకునేవారికి నెలచందా లేని డీడీ ఫ్రీడిష్ ఉండనే ఉంది. ఓటీటీ అయితే చూడదలచిన నెలకే కట్టవచ్చునేమో విచారించండి.

ఏరుకునే హక్కు రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. లెక్క చూడకుండా దానిని వదులుకోవడం న్యాయం కాదు.

మీ ఇంటి జాబితాలో ఎన్ని తేలాయో తెలుపగలరు.