రోలుకు మోటారు తగిలించిన ఊరు

కోయంబత్తూరులో స్థిరపడిన మన ఇళ్ళలో ఆదివారం పిండి రుబ్బిపెట్టుకుంటే బుధవారం దాకా రాత్రి వంటకు దిగులుండదు. ఆఫీసు నుంచి వచ్చి పెనం పెడితే చాలు. ఈ తీరిక వెనక మన ఊరి చరిత్రే ఉంది.

మా అవ్వల కాలంలో మిల్లులో షిఫ్టు ముగిసినా ఇంట్లో రుబ్బురోలు దగ్గర ఇంకో షిఫ్టు ఉండేది. 1930ల్లో పైకారా కరెంటు వచ్చాక మిల్లులు పెరిగాయి, వాటితో ఫౌండ్రీలూ పెరిగాయి. 1937లో మనవాళ్ళే, జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి ఇక్కడ మోటారు తయారుచేశారు. అది మా రోలు దాకా రావడానికి మరో పద్దెనిమిదేళ్ళు పట్టింది! 1955లో పి. సభాపతి గ్రైండరు చేశారు. చేత్తో రుబ్బితే పొత్రం తిరుగుతుంది, రోలు కదలదు. ఆ గ్రైండర్లో రోలే తిరుగుతుంది, పొత్రం నిలబడి ఉంటుంది. పిండి అంతగా వేడెక్కదు, ఇడ్లీ మెత్తగా వస్తుంది. మిక్సీ మా ఇళ్ళలో చట్నీకే.

అవ్వకు గంట మిగిలింది నిజమే. కానీ స్విచ్ వేసేదీ, రాయి కడిగేదీ చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఆడవాళ్ళే. మా ఇంట్లో ఈ ఏడు ఆ కడిగే పని మగపిల్లలకు అప్పగించాం. మొదటి ఆదివారం గరిటెడు పిండి రాయికే వదిలేశారు.