అంకుర సంస్థలో మెకానికల్ ఇంజినీర్: సర్క్యూట్ చుట్టూ ఉండే పని

పుదుచ్చేరికి ఎలక్ట్రానిక్స్ తయారీ కొత్త కాదు. లెనోవో సంస్థకు అక్కడ కంప్యూటర్ల కర్మాగారం ఉంది. ఏటా 50,000 కృత్రిమ మేధ సర్వర్లను అక్కడే తయారు చేస్తామని ఆ సంస్థ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఇటువంటి వార్తలు విన్నప్పుడు శ్రోతలకు చిప్పులు, సాఫ్ట్‌వేర్ గుర్తుకు రావడం సహజం. కానీ వాటిని మోసే పెట్టె, మీట, మూత, మరలు, బ్యాటరీ గది, వేడి బయటకు పోయే దారి అన్నీ మెకానికల్ ఇంజినీర్ బాధ్యతలే.

పెద్ద సంస్థల్లో ఈ పనులకు వేర్వేరు విభాగాలు ఉంటాయి. అంకుర సంస్థలో సాధారణంగా ఒకరో ఇద్దరో అన్నీ చూసుకుంటారు. ఉదయం కంప్యూటర్‌పై నమూనా గీసిన వ్యక్తే మధ్యాహ్నం అచ్చుల తయారీదారుతో బేరమాడి, సాయంత్రం ఆ వస్తువును మీటరు ఎత్తు నుంచి నేలపై పడవేసి ఎక్కడ పగిలిందో చూడవలసి వస్తుంది.

ఈ వృత్తిలో నిజమైన పరీక్ష ప్లాస్టిక్ అచ్చు దగ్గర ఎదురవుతుంది. త్రీడీ ప్రింటర్‌పై తీసిన నమూనా చక్కగా అమరినంత మాత్రాన అచ్చులో పోసిన భాగం కూడా అలాగే అమరుతుందన్న భరోసా లేదు. ఏబీఎస్ ప్లాస్టిక్ చల్లబడేటప్పుడు సుమారు 0.4 నుంచి 0.7 శాతం కుంచించుకుపోతుంది. గోడ మందం అంతటా దాదాపు ఒకేలా, 2 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండాలి. ఒకచోట దళసరిగా ఉంటే దాని వెలుపలి వైపున చిన్న గుంట పడుతుంది. నిలువు గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఇవ్వకపోతే భాగం అచ్చు నుంచి ఊడిరాదు, వచ్చినా గీతలు పడతాయి.

ఉక్కు అచ్చుకు లక్షల రూపాయలు, అనేక వారాలు ఖర్చవుతాయి. అచ్చు నుంచి ఉక్కును చెక్కి తీసేయడం సులభం, తిరిగి చేర్చాలంటే వెల్డింగ్ చేయాలి. అందుకే అనుభవం ఉన్నవారు మూతను పట్టి ఉంచే కొక్కేలను మొదట కాస్త వదులుగానే ఉంచి, పరీక్షించిన తర్వాత అచ్చును చెక్కుతూ బిగువు పెంచుతారు. చెక్కినచోట ప్లాస్టిక్ మందం పెరుగుతుంది కదా! డబ్బు పరిమితంగా ఉన్న సంస్థలో అచ్చుకు అనుమతి ఇచ్చే సంతకం ఇంజినీర్ చేసే అత్యంత ఖరీదైన పని. రెండో అచ్చుకు నిధులు మిగలకపోవచ్చు.

ఆలస్యం ఎంత తేలికగా జరుగుతుందో చెప్పడానికి అమెరికాకు చెందిన పెబుల్ చేతి గడియారం ఉదాహరణ. 2012లో ఆ సంస్థ ప్రజల నుంచి ముందస్తుగా కోటి డాలర్లకు పైగా సమీకరించింది. ఆ ఏడాది సెప్టెంబరుకు ఇస్తామన్న గడియారాల సరఫరా 2013 జనవరిలోగానీ మొదలు కాలేదు. కొలతల్లో పొరపాటు మరింత ప్రమాదకరం. 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు మంటలంటుకున్న ఘటనలపై విచారణలో, ఒక రకం బ్యాటరీకి పైమూలన తగినంత చోటు లేక లోపలి ఎలక్ట్రోడ్ వంగినట్లు తేలింది. లిథియం బ్యాటరీ వాడుకలో కొంత ఉబ్బుతుంది కనుక దాని చుట్టూ ఖాళీ వదలడం తప్పనిసరి.

పుదుచ్చేరి వంటి తీరపట్టణంలో సముద్రపు గాలి మరో సమస్య. అల్యూమినియం పెట్టెకు స్టెయిన్‌లెస్ స్టీలు మర బిగిస్తే, ఉప్పు తేమ చేరినచోట అల్యూమినియం త్వరగా తినివేయబడుతుంది. ఇందుకు 5 శాతం ఉప్పునీటి తుంపరను 35 డిగ్రీల వేడిలో నిరంతరం చల్లుతూ చేసే పరీక్ష ఉంది. ఐపీ 67 అన్న ముద్రకు అర్థం, ధూళి చొరబడదు, మీటరు లోతు మంచినీటిలో అరగంట ఉన్నా హాని జరగదు అని. అది ఉప్పునీటికి హామీ కాదన్న సంగతి కొనుగోలుదారులకు అంతగా తెలియదు.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగువారి యానాం కూడా భాగమే, అయితే పట్టణానికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి విద్యార్థులకు పుదుచ్చేరి సాంకేతిక విశ్వవిద్యాలయం, కారైకాల్‌లోని ఎన్ఐటీ అందుబాటులో ఉన్నాయి. పట్టా ఒక్కటే చాలదు, అచ్చుల పని కళ్లారా చూసి నేర్చుకోవాలి. హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచి ఈ విద్య నేర్పుతోంది. 2023 మార్చిలో హైదరాబాద్‌లోనే ప్రారంభమైన టీ-వర్క్స్ 78,000 చదరపు అడుగుల ప్రాంగణంలో నమూనాల తయారీకి యంత్రాలను అందుబాటులో ఉంచింది.

ఉద్యోగంలో చేరేవారు జీతంలో భాగంగా ఇచ్చే వాటాల షరతులను జాగ్రత్తగా చదవాలి. సాధారణంగా అవి నాలుగేళ్లలో విడతలుగా దక్కుతాయి, మొదటి ఏడాది నిండకముందే మానేస్తే ఏమీ రాదు. సంస్థ అమ్ముడైనప్పుడో, మార్కెట్‌లో నమోదైనప్పుడో తప్ప ఆ వాటాలు చాలావరకు చేతికి డబ్బుగా మారవు.