పూటకూటి ఇంటి నుంచి వైరల్ హోటల్ దాకా: తెలుగువారి బహిరంగ భోజన చరిత్రలో పంక్తి, పేరు

వ్యాససంగ్రహం

సామాజిక మాధ్యమాల్లో వీడియో చూసి ఒక హోటల్‌ను వెతుక్కుంటూ వెళ్ళడం, వరుసలో నిలబడి తినడం, తిన్నదాన్ని మళ్ళీ వీడియో తీసి పంచుకోవడం ఇటీవలి కాలంలో తెలుగు పట్టణాల్లో స్థిరపడిన అలవాటు. దీన్ని ఈ తరం మోజుగా మాత్రమే చూడడం వల్ల దాని చారిత్రక స్వభావం మరుగున పడుతుంది. డబ్బిచ్చి బయట భోజనం చేయడానికి తెలుగులో సుమారు ఆరు వందల ఏళ్ళ సాహిత్య సాక్ష్యం ఉంది. ఆ చరిత్ర పొడవునా రెండు ప్రశ్నలు కనిపిస్తాయి. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినవచ్చు? వండి పెట్టిన మనిషికి పేరు ఎవరి వల్ల వస్తుంది? మొదటి ప్రశ్నను రాజ్యాంగం, చట్టం మార్చాయి. రెండో ప్రశ్నను సామాజిక మాధ్యమాలు కదిలించాయి. ఈ రెండు మార్పుల పరిధిని, పరిమితులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పూటకూళ్ళ ఇల్లు, అన్నవిక్రయం, పంక్తి, ఎంగిలి, మండీ, సామాజిక మాధ్యమాలు, సాంఘిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

భోజనశాలకు ప్రసిద్ధి ఎప్పుడూ తిన్నవారి మాట వల్లనే వచ్చింది. బాటసారి, బండివాడు, కోర్టు పనికి వచ్చిన రైతు, సినిమాకు వచ్చిన కుటుంబం తమ ఊరికి మోసుకుపోయిన మాటే ఒకప్పటి ప్రచారం. ఆ మాట నెమ్మదిగా సాగేది. చెప్పినవాడు ఎవరో విన్నవాడికి తెలిసేది. ఇప్పుడు చెప్పేవాడు అపరిచితుడు. ఆ మాట ఎంతమందికి చేరాలో నిర్ణయించేది యంత్రం. 2005లో యూట్యూబ్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ మొదలయ్యాయి. చవక ఫోన్లు, చవక డేటా వచ్చాక ఇవి తెలుగు పల్లెల దాకా చేరాయి. అయితే సాధనం కొత్తదైనంత మాత్రాన సంబంధమంతా కొత్తదని అనలేం. అందుకే ఈ పరిశీలనను ఇప్పటి హోటల్ నుంచి కాక పూటకూటి ఇంటి నుంచి ప్రారంభించవలసి ఉంది.

2. అన్నదానం, అన్నవిక్రయం

సంప్రదాయ సమాజంలో అన్నం పెట్టడం పుణ్యం, అన్నం అమ్ముకోవడం నీచం. ప్రబంధాల్లో ఆదర్శ గృహస్థుకు మొదటి గుర్తు అతిథి సత్కారమే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి వంటకాలు మార్చి భాగవతులకు భోజనం పెట్టడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పంతొమ్మిదో శతాబ్దిలో గోదావరి లంకల్లో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మకు (1841–1909) దక్కిన గౌరవం కూడా ఈ విలువ నుంచి వచ్చిందే.

ఆ విలువకు పక్కనే, అంత గౌరవం లేకుండా, అన్నవిక్రయం కూడా సాగింది. వినుకొండ వల్లభరాయడి పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామం (దీన్ని శ్రీనాథ కృతిగా భావించినవారూ ఉన్నారు) ఓరుగల్లు వీధులను చూపిస్తూ ఒక పూటకూటి ఇంటి భోజనాన్ని వర్ణించింది. మేలైన అన్నం, గోధుమ పిండివంట, పంచదార, ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, పెరుగు, ఇవన్నీ ఒక్క రూకకే దొరుకుతాయని ఆ పద్యం చెబుతుంది. స్థలం, వంటకాల పట్టిక, నాణ్యత, ధర అనే నాలుగు అంశాలూ ఇందులో ఉన్నాయి. నేటి ఫుడ్ వ్లాగర్ వీడియోలో చెప్పేవీ ఈ నాలుగే. ఇందుకు ఎదురుగా, పలనాటి జొన్నకూటిని ఎగతాళి చేసే చాటువులు శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్నాయి. అవి ఎవరు రాసినవైనా, ఒక ప్రాంతపు తిండిని పరాయివాడు తన నాలుకతో కొలిచి చెడ్డపేరు తేవడం కూడా పాత విద్యేనని అవి తెలియజేస్తాయి.

ఇక్కడ గమనించవలసింది పేరు. క్రీడాభిరామంలో ఆ భోజనం దొరికే చోటును లక్ష్మణవజ్ఝల ఇల్లుగా, అంటే గృహస్థు పేరుతో చెప్పారు. వంటింట్లో ఉన్నవారెవరో పద్యం చెప్పదు. గురజాడ అప్పారావు కన్యాశుల్కంలో (మొదటి ప్రచురణ 1897, పెంచి మార్చిన కూర్పు 1909) వండే స్త్రీ పాత్రగా ముందుకు వచ్చింది. కానీ ఆమెను నాటకం వృత్తితో మాత్రమే పిలుస్తుంది: పూటకూళ్ళమ్మ. ఆమె సొమ్మును గిరీశం వాడుకుంటాడు, ఆమె ఇంట్లోనే తింటాడు. భర్త పోయి, బతుకుతెరువుకు మరో దారి లేని బ్రాహ్మణ స్త్రీలకు ఈ వృత్తి ఆధారమైంది. వండినందుకు డబ్బు వచ్చింది, మర్యాద మాత్రం రాలేదు. ‘అమ్మ’ అన్న మాట అమ్మకాన్ని ఇంటి సంబంధంగా మార్చి చూపే తెర. ఆ తెర తర్వాతి కాలంలోనూ తొలగిపోలేదు. బాబాయ్ హోటల్, ఫలానా గారి మెస్సు, ఫలానా ఆంటీ బండి అనే పేర్లన్నీ వరుసలు కలిపి అన్నాన్ని అమ్మే ఈ పద్ధతికి కొనసాగింపులే.

3. హోటల్ వచ్చాక పంక్తి

రైలు, కచేరీలు, కళాశాలలు వచ్చాక ఇంటికి దూరంగా తినవలసినవారి సంఖ్య పెరిగింది. కాఫీ హోటల్, ఉడుపి హోటల్, సైనిక వృత్తిని గుర్తు చేస్తూ మాంసాహారం అమ్మిన మిలిటరీ హోటల్, హైదరాబాద్‌లో ఇరానీ కేఫ్ ఈ అవసరంలోంచి పుట్టి పెరిగాయి. హోటల్ ఆధునిక స్థలమే అయినా దాని లోపలి పంక్తి ఆధునికం కాలేదు. బోర్డు మీద ‘బ్రాహ్మణ’ అన్న మాట వంటవాడి కులాన్ని ప్రకటించింది. రైల్వే స్టేషన్లలో కులం ప్రకారం, మతం ప్రకారం భోజనపు గదులు వేరుగా ఉండేవి. పల్లెల టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టడం స్వాతంత్ర్యం తర్వాత కూడా కొనసాగింది.

సంఘసంస్కర్తలు సహపంక్తి భోజనాన్ని ఉద్యమ రూపంగా ఎంచుకున్నది ఇందుకే. పక్కపక్కన కూర్చుని తినడం అప్పట్లో రాజకీయ చర్య. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో అస్పృశ్యతను రద్దు చేసింది. 15వ అధికరణం రెండో ఖండం దుకాణాలతో పాటు హోటళ్ళను, భోజనశాలలను పేరుపెట్టి ప్రస్తావించి, కులమతాల కారణంగా వాటిలోకి ఎవరినీ రానివ్వకపోవడం చెల్లదని చెప్పింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఈ నిరాకరణను శిక్షార్హం చేసింది. తర్వాత ఆ చట్టమే పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. మౌలిక హక్కుల భాగంలో భోజనశాల ప్రస్తావనకు రావడమే ఆ స్థలానికి మన సమాజంలో ఉన్న బరువును సూచిస్తుంది.

4. మండీ పళ్ళెం

సామాజిక మాధ్యమాల కాలంలో తెలుగు పట్టణాల్లో వేగంగా వ్యాపించిన భోజనాల్లో మండీ ముఖ్యమైనది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు వంటకమిది. నిజాముల సైన్యంలో పనిచేసిన హద్రమీ అరబ్బుల వారసులు నివసించే హైదరాబాద్ బార్కస్ దీనికి తెలుగునేల మీద తొలి చిరునామా. బార్కస్ అన్న పేరే సైనికుల బారకాసుల నుంచి వచ్చింది. అక్కడి నుంచి మండీ విజయవాడ, గుంటూరు, వరంగల్, విశాఖపట్నం వంటి నగరాలకు చేరింది. పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద మాంసం, చుట్టూ నేల మీద కూర్చున్న స్నేహితులు: ఈ దృశ్యం ఫోన్ తెరకు బాగా అమరింది. జైలు గదుల వంటి అలంకరణతో వెలసిన మండీ హోటళ్ళు కూడా ఈ దృశ్య ఆకర్షణ మీద ఆధారపడ్డవే.

అయితే ఈ పళ్ళెం చారిత్రక ప్రాధాన్యం అలంకరణలో లేదు. తెలుగు సమాజంలో ఎంగిలి అన్న భావన విస్తళ్ళను వేరు చేసింది, చేతులను వేరు చేసింది. ఒకే కంచంలో తినడం దాంపత్యానికో, అతి సన్నిహిత స్నేహానికో మాత్రమే గుర్తు. ‘ఒకే కంచం, ఒకే మంచం’ అన్న నానుడిలో ఆ అర్థమే ఉంది. అటువంటి సమాజంలో నలుగురైదుగురు ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తినడం సాధారణ వినోదంగా మారడం చిన్న విషయం కాదు. సహపంక్తి పక్కన కూర్చోవడాన్ని కోరింది, ఇది పళ్ళేన్నే ఉమ్మడి చేసింది.

కానీ దీన్ని కులనిర్మూలనకు చిహ్నంగా ప్రకటించడం తొందరపాటు. పళ్ళెం చుట్టూ చేరేవారు తమను తాము ఎంచుకున్న బృందం. అపరిచితులు ఒకే పళ్ళెంలో తినరు. మరోవైపు, ప్రవేశంలో చట్టం చెరిపివేసిన కులం బోర్డు మీదికి రుచి ముద్రగా తిరిగి వచ్చింది. కులాల పేర్లతో పులావులు, వేపుళ్ళు, పచ్చళ్ళు అమ్ముడవుతున్నాయి. వీడియోల్లో అవి ‘అసలైన రుచి’గా ప్రచారం పొందుతున్నాయి. ఒకప్పుడు బోర్డు మీది కులనామం ఎవరు లోపలికి రాకూడదో చెప్పింది. ఇప్పుడు అదే నామం అందరినీ లోపలికి పిలుస్తోంది. అయితే ఆ పిలుపులో కొన్ని కులాల వంటిళ్ళకే ప్రతిష్ఠ దక్కుతోంది, అన్నిటికీ కాదు. దళితుల వంటలు ఈ బోర్డుల మీద తమ పేరుతో కనిపించడం అరుదు. అందుచేత పంక్తి సమస్య పూర్తిగా తీరలేదు, రూపం మార్చుకుంది.

5. బండి దగ్గర పేరు

రెండో ప్రశ్నకు ఒక ఇటీవలి ఘటన సమాధానం ఇస్తుంది. హైదరాబాద్ మాదాపూర్ ప్రాంతంలో రోడ్డు పక్కన పదేళ్ళకు పైగా భోజనం అమ్ముకుంటున్న ఒక మహిళ బండి వీడియోల ద్వారా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రసిద్ధమైంది. బిల్లు లెక్క చెబుతూ ఆమె అన్న మామూలు మాట లక్షల మంది నోట హాస్యపు పలుకుగా మారింది. జనం పెరిగారు, ట్రాఫిక్ ఆగింది, 2024 జనవరిలో పోలీసులు బండిని తీయించారు. ఆ సంగతి కూడా వీడియోల ద్వారానే వ్యాపించింది. జనవరి నెలాఖరున ముఖ్యమంత్రి జోక్యంతో ఆమెకు అదే చోట వ్యాపారం కొనసాగించే అవకాశం లభించింది.

పూటకూళ్ళమ్మకు దక్కని రెండు విషయాలు ఈమెకు దక్కాయి. ఆమెకు ‘ఆంటీ’ అనే వరుసతో కలిసినా సొంత పేరు నిలిచింది. వండిన చెయ్యి, ముఖం, మాట అందరికీ కనిపించాయి. తెలుగు బహిరంగ భోజన చరిత్రలో ఇది నిజమైన మలుపు. కానీ ఆ పేరు ఆమె చేతిలో లేదు. బండిని రద్దీగా మార్చింది వీడియో, ఆ రద్దీ బండిని తొలగించే స్థితికి తెచ్చింది, ఆ తొలగింపు మీద వచ్చిన స్పందన మళ్ళీ ఆమెను నిలబెట్టింది. ఈ మూడు దశల్లోనూ నిర్ణాయకం ఆమె వంట కాదు, చూసేవారి సంఖ్య.

వీధి విక్రేతల జీవనోపాధి పరిరక్షణకు 2014లోనే కేంద్ర చట్టం వచ్చింది. సర్వే, విక్రయ ధ్రువపత్రం, పట్టణ విక్రయ కమిటీ, తొలగింపుకు ముందు నోటీసు వంటి ఏర్పాట్లు అందులో ఉన్నాయి. హక్కుగా అందవలసిన రక్షణ ప్రసిద్ధి వల్ల అందినప్పుడు, ప్రసిద్ధి లేని పక్క బండి పరిస్థితి ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. దానానికీ హక్కుకూ మధ్య ఉన్న తేడా ఇక్కడ మళ్ళీ ముందుకు వస్తుంది. ఒకరిపై చూపిన కరుణ చట్టానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

6. ఆధారాల సమస్య

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను నిర్మించినప్పుడు కాకతీయుల కాలపు జనజీవనానికి క్రీడాభిరామం వంటి కావ్యాలను ఆధారంగా తీసుకున్నారు. శాసనాలు రాజుల దానాలను చెప్పాయి, కావ్యం ఒక రూకకు దొరికిన భోజనాన్ని చెప్పింది. నేటి భోజన జీవితానికి అటువంటి ఆధారం వీడియోల్లో కుప్పలుగా ఉంది. ధరలు, వంటకాలు, యాసలు, కూర్చునే తీరు, బండి చుట్టూ నిలబడ్డవారి మాటలు అన్నీ అందులో నమోదయ్యాయి. కానీ అది నిలిచే ఆధారం కాదు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను భారతదేశంలో నిషేధించినప్పుడు ఆ వేదిక మీది తెలుగు వీడియోలు దేశంలోని ప్రేక్షకులకు ఒక్కసారిగా అందకుండా పోయాయి. మిగిలిన వేదికలూ ప్రైవేటు సంస్థలవే.

ఈ ఆధారాన్ని వాడడంలో మరో చిక్కు కూడా ఉంది. డబ్బు తీసుకుని చేసిన ప్రశంసను, తిని చెప్పిన మాటను వీడియో చూసి వేరు చేయడం కష్టం. పద్యాన్ని పరిష్కరించినట్లే, తాళపత్రానికి పాఠాంతరాలు చూసినట్లే, వీడియోకు కూడా చేసినవారు, తేదీ, స్థలం, ప్రయోజనం నమోదు చేసే పద్ధతి మన పరిశోధనలో ఏర్పడాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు, జర్నలిజం శాఖలు ఒక్కొక్క పట్టణాన్ని ఎంచుకుని, హోటల్ యజమానుల, వంటవారి, సప్లయర్ల మౌఖిక కథనాలను వీడియోలతో కలిపి భద్రపరిస్తే ఈ పని మొదలవుతుంది. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార కళల సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ గుర్తింపు బిర్యానీ ప్రశస్తితో ఆగకుండా వంటశాల శ్రమ చరిత్రకు విస్తరించడం అవసరం.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, తిండి ప్రశంస, తిండి నింద తెలుగులో కొత్తవి కావు. సామాజిక మాధ్యమాలు వాటి వేగాన్ని, చేరే దూరాన్ని మార్చాయి. రెండు, భోజనశాల తలుపు తెరిచింది ప్రచారం కాదు, రాజ్యాంగం. వైరల్ హోటల్ ముందు నిలబడిన వరుసలో ఎవరి కులమూ ఎవరూ అడగకపోవడం వెనుక 15, 17 అధికరణాల చరిత్ర ఉంది. మూడు, వండిన మనిషి పేరు మొదటిసారి విస్తృతంగా వినిపిస్తోంది, కానీ ఆ పేరును నిలబెట్టుకునే అధికారం ఆ మనిషికి ఇంకా రాలేదు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మకు పేరు లేకపోవడాన్ని మనం నేడు గమనించగలుగుతున్నాం. ఇప్పటి హోటళ్ళ వంటగదుల్లో కెమెరా వెళ్ళని మూలన గిన్నెలు తోమేవారి, ఉల్లిపాయలు తరిగేవారి పేర్లను ఈ తరం పరిశోధకులు నమోదు చేయకపోతే, వారి విషయంలో రాబోయే చరిత్రకారులకు అదే లోటు మిగులుతుంది.