కరవుతో ఊరు వదిలితే.. రేషన్ కార్డు వెంట వస్తుందా?

మీ వీధిలో కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర రేకుల షెడ్డులో ఉండే కుటుంబం ఏ ఊరిదో ఎప్పుడైనా అడిగారా? బెంగళూరులో అయితే ఉమ్మడి అనంతపురం జిల్లా పేరు వినిపించడం కొత్తేమీ కాదు.

అక్కడ ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుసెనగకు అంత వాన చాలు, అదునుకు పడితే. ఊడలు దిగే దశలో వారాల తరబడి చినుకు లేకపోతే, తర్వాత కుండపోతగా కురిసినా దిగుబడి రాదు. ఏదో ఒక ఏడాది కరవును పట్టుకుని ఇది వాతావరణ మార్పే అనడం తొందరపాటు. కానీ భూమి వేడెక్కేకొద్దీ వాన కొద్ది రోజుల్లోనే కుమ్మరించడం, మధ్యలో ఎండలు సాగడం పెరుగుతాయి. దెబ్బ పడేది సరిగ్గా ఆ అదును మీదే. పంట పోతుంది, బోరు ఎండుతుంది, అప్పు మిగులుతుంది. ఆ తర్వాతే బస్సు ఎక్కుతారు.

2011 జనగణనలో వలసకు కారణాలుగా పని, వ్యాపారం, చదువు, పెళ్లి వంటివి ఉన్నాయి. కరవు అనే గడి లేదు. ఆ కుటుంబం లెక్కల్లో 'పని కోసం' వచ్చినట్టే.

సాయం కూడా అంతే. పంట 33 శాతానికి మించి నష్టపోతే పెట్టుబడి రాయితీ వస్తుంది. అయితే సాగుదారుగా రికార్డుల్లో పేరుండాలి. కూలీలకు అందులో ఏమీ రాదు, నోటి మాట మీద కౌలు చేసినవారికీ దక్కడం కష్టమే.

వెంట వచ్చేది రేషన్. 'ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు' మొదట 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్-తెలంగాణ, గుజరాత్-మహారాష్ట్ర మధ్య మొదలై, 2022 నాటికి దేశమంతా వచ్చింది. కుటుంబంలో కొందరు ఊళ్లో, మిగిలినవారు నగరంలో తమ వాటా తీసుకోవచ్చు. మెలిక ఏంటంటే, జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులే పక్క రాష్ట్రంలో చెల్లుతాయి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు చెల్లదు, రాష్ట్రం అదనంగా ఇచ్చే సరుకులూ రావు. తమది ఏ కార్డో బయల్దేరే ముందే డీలర్‌ను అడగాలి, అందరికీ ఈకేవైసీ చేయించాలి. సిమెంటు పనితో వేలిముద్రలు అరిగిపోతాయి. మిషన్ గుర్తించలేదని డీలర్ తిప్పి పంపితే 14445కు ఫోన్ చేయొచ్చు.

పిల్లల సంగతి. టీసీ ఆలస్యమైందని బడిలో చేర్చుకోకపోవడం విద్యా హక్కు చట్టానికి విరుద్ధం. తల్లిదండ్రులు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే చదువుకునేలా రెండు రాష్ట్రాల్లోనూ వలస ప్రాంతాల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతుంటారు. మీ ఊరి బడిలో ఉందో లేదో ప్రధానోపాధ్యాయుడిని అడిగితే తెలుస్తుంది.