మోసే యంత్రం, నడిపించే యంత్రం

‘మా నాన్నగారికి రోబో కాళ్ళు అమర్చవచ్చునా, డాక్టరుగారూ?’ అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. జవాబుకు ముందు ఆ యంత్రాల చరిత్ర కొంత తెలియాలి. వాటిలో రెండు వంశాలున్నాయి: ఒకటి మనిషిని మోస్తుంది, రెండవది మనిషిచేత నడిపిస్తుంది. వృద్ధుల విషయంలో ఈ తేడా చిన్నది కాదు. పెద్దవయసులో కొద్దిరోజులు మంచాన పడితే చాలు, కాళ్ళ కండ కరిగిపోతుంది. దానిని తిరిగి సంపాదించడానికి వారాలు పడుతుంది.

మోసే వంశం పాతది. కాళ్ళు చచ్చుబడిన జర్మన్ గడియారాల పనివాడు స్టీఫన్ ఫార్‌ఫ్లర్ 1655లో చేతితో తిప్పుకొనే మూడు చక్రాల బండిని తనకోసమే చేసుకున్నాడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కెనడాలో జార్జ్ క్లైన్ గాయపడిన సైనికుల కోసం విద్యుత్ చక్రాల కుర్చీని రూపొందించాడు.

నడిపించే వంశానికి తొలి ఆనవాలు 1890 నాటి అమెరికా పేటెంటు. రష్యన్ నికొలస్ యాగ్న్ ఊహించిన ఆ సాధనంలో ఇంజను లేదు. కాళ్ళ వెంట విల్లులవంటి స్ప్రింగులు మాత్రమే. ఆ తరువాత 1960లలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ‘హార్డిమన్’ అనే ఉక్కు తొడుగును తలపెట్టింది. దాదాపు 680 కిలోల బరువును మనిషి ఎత్తగలగాలన్నది లక్ష్యం. తొడుగు బరువు కూడా ఇంచుమించు అంతే! మొత్తం యంత్రాన్ని నడపబోతే అది అదుపుతప్పి విదిలించేది. చివరికి ఒక చేయి మాత్రమే పనిచేసింది. అక్కడ లోపించినది బలం కాదు, తొడుక్కున్నవాడి ఉద్దేశాన్ని గ్రహించే శక్తి.

ఆ శక్తిని సాధించినవారిలో జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు యోషియుకి సంకాయ్ ముఖ్యుడు. కాలు కదపాలని మెదడు పంపిన ఆజ్ఞ చర్మంపై సన్నని విద్యుత్ సంకేతంగా అందుతుంది. ఆయన రూపొందించిన ‘హాల్’ దానిని పసిగట్టి మోటారు తిప్పుతుంది. ప్రయత్నం రోగిది, తోడ్పాటు యంత్రానిది. 2004లో ఆయన సైబర్‌డైన్ సంస్థను స్థాపించారు. 2015లో జపాన్ ప్రభుత్వం దానిని వైద్యపరికరంగా ఆమోదించింది. అయితే ఆ ఆమోదం నెమ్మదిగా ముదిరే కొన్ని నాడీ కండర వ్యాధులకే గాని వార్ధక్యానికి కాదు. ప్రకటనలు చూసి ఆశపడేవారు ఈ సంగతి గమనించాలి. అదే ఏడాది హోండా నడుముకు, తొడలకు కట్టే తేలికైన సాధనాన్ని జపాన్‌లో అద్దెకివ్వడం మొదలుపెట్టింది. నడవగలిగినవారి అడుగునే అది సరిదిద్దుతుంది.

నన్నడిగితే, వీటన్నిటికంటె ఎక్కువ మంది వృద్ధులను వీధిలోకి తెచ్చినది మోటారే లేని చక్రాల ఊతబండి. పోలియో సోకిన స్వీడన్ మహిళ ఐనా వీఫాల్క్ 1978లో దానిని రూపొందించింది.

అందుకే రోబో సంగతి అడిగినవారిని ముందుగా నేనొక ప్రశ్న అడుగుతాను: మీ నాన్నగారు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా?