నొస్సం ముక్కలు, మరిచిన ఆట

ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు పోయే రైలుమార్గంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటాక నొస్సం స్టేషన్ వస్తుంది. 2016లో ఈ మార్గంలో ప్రయాణికుల రైళ్లు మొదలయ్యాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తాతగారి ఊరుగా సీమ జనానికి నొస్సం తెలుసు. పాత పేకలు సేకరించే దేశవిదేశాల వాళ్లకు మాత్రం నొస్సం అంటే గంజిఫా. చేత్తో బొమ్మలేసిన గుండ్రటి పేకముక్కలు తయారైన చోట్లు చెప్పేటప్పుడు బిష్ణుపూర్, సావంత్‌వాడి, మైసూరు, నిర్మల్‌లతో పాటు ఈ పేరూ వస్తుంది.

1527లో బాబరు సింధులోని షా హసన్‌కు గంజిఫా పేక పంపినట్టు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మొగలాయి పేకలో 8 రంగులు, 96 ముక్కలు. కిరీటం, కత్తి, వెండి నాణెం, బంగారు నాణెం వంటివి ఆ రంగులు. తర్వాత దానికి దశావతారాలు తోడయ్యాయి. మత్స్యం నుంచి కల్కి దాకా 10 రంగులు, రంగుకు 12 చొప్పున 120 ముక్కలు. గోల్కొండ తరఫున మీర్ జుమ్లా ఈ ప్రాంతంలోని గండికోటను పట్టుకున్నది 1650 ప్రాంతంలో. ఆ తర్వాత కడప నవాబులొచ్చారు. పారశీక ఆట, వైష్ణవ బొమ్మలు ఒకే ముక్క మీద కలవడానికి ఈ నేల అనువైనదేనని నాకనిపిస్తుంది.

బొమ్మల అందం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఆట గురించి రాసినవాళ్లు తక్కువ. అసలు సంగతి అక్కడే ఉంది.

దశావతార పేకతో ఆడేందుకు ముగ్గురు కూర్చుంటారు. మనిషికి 40 ముక్కలు. పగలైతే రాముడి రాజు ఎవరి చేతిలో పడితే వాళ్లు ఆట మొదలుపెడతారు, రాత్రయితే కృష్ణుడి రాజు పడినవాళ్లు. వేసిన రంగులో పెద్ద ముక్క ఎవరిదైతే ఆ పట్టు వాళ్లది. తురుపు అన్నది లేదు. రాజు, మంత్రి తర్వాత సగం రంగుల్లో పది పెద్దది, ఒకటి చిన్నది. మిగతా సగంలో ఒకటి పెద్దది, పది చిన్నది. రాజు పడిపోయాక మంత్రి హుకుం, అంటే ఆ రంగులో మిగిలినవాటిలో పెద్ద ముక్క, అవుతాడు, మంత్రీ పోతే ఆ తర్వాతి ముక్క. ఏ రంగులో ఏది పోయింది, ఏది మిగిలింది అన్నది ఆఖరి పట్టు దాకా తలలో పెట్టుకోవాలి. పదిరంగుల లెక్క అలా మోసినవాళ్లు మన అవ్వాతాతల కాలం మనుషులు. వాళ్ల జ్ఞాపకశక్తికి చేతులెత్తి దండం పెట్టాలి.

ముక్కలు మ్యూజియం అద్దాల వెనక భద్రంగానే ఉన్నాయి. సావంత్‌వాడిలో రాజకుటుంబం పూనుకుని 1970లలో ఆ కళను మళ్లీ నిలబెట్టింది. కొనేవాళ్లలో ఎక్కువమంది చూసి మురిసేవాళ్లే. ఆడే చెయ్యి లేకపోతే పేక వట్టి బొమ్మల పెట్టె.

ఇక్కడే నాకు సెల్‌ఫోన్ మీద ఆశ. గంజిఫాకు ముగ్గురు కావాలి, ఆట తెలిసిన ముగ్గురు ఒకచోట దొరకరు. మిగతా ఇద్దరి చేతులూ ఫోనే ఆడగలదు. దానికి నెట్ అక్కర్లేదు, పందెం అంతకన్నా అక్కర్లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటతో ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో చూశాం. 2020లో ఆంధ్రప్రదేశ్, 2025లో కేంద్రం వాటిని నిషేధించాయి. ఇది అటువంటి ఆట కాదు. పులివెందుల బస్సులో కూర్చుని, సిగ్నల్ అందని చోట కూడా ఒంటరిగా ఆడుకోవచ్చు. రాముడితో మొదలుపెట్టాలా కృష్ణుడితోనా అన్నది ఫోన్ గడియారమే చూసుకుంటుంది.

పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారిది ఉంది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ఈ ఆటను ఫోన్‌లోకి తేవడం కన్నా మంచి పని ఏముంటుంది? అయితే ఆట నియమాలు ఊరికో తీరుగా మారతాయి. కాబట్టి కంప్యూటర్ తెరిచే ముందు ఆ పిల్లలు రైలెక్కి నొస్సంలో దిగాలి. అక్కడి పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల ఇళ్లల్లో ఈ ఆట ఎట్లా ఆడేవాళ్లో అడిగి రాసుకోవాలి.