ఏడడుగులు

మొన్న డాబా మీద తడి చీర ఆరేస్తే గాలికి బుస్సుమని ఉబ్బి, దండెం కట్టిన వెదురుబొంగుని వంచేసింది. "బొంగు పొడుగెక్కువైంది. కాస్త కోసేస్తే సరి" అన్నారు మావారు, పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆ మాటకి నాకు జాషువా స్లోకమ్ గుర్తొచ్చాడు.

ఎవరాయన అంటారా? చిన్న తెరచాప పడవలో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి. పెద్ద ఓడలకి కెప్టెన్‌గా చేసి, ఆవిరి ఓడలు పెరిగిపోయిన రోజుల్లో చేతిలో ఓడ లేకుండా మిగిలాడు. ఓ స్నేహితుడు ఓడ ఇస్తానంటే ఆశగా వెళ్ళాడు. తీరా చూస్తే అమెరికాలోని ఫెయిర్‌హేవెన్‌లో, పచ్చికబీట్లో గుడ్డ కప్పి పడేసిన ముసలి పడవ! పేరు స్ప్రే. 13 నెలలు చాకిరీ చేసి, 553 డాలర్ల 62 సెంట్లతో దాన్ని బాగుచేశాడు. సెంట్లతో సహా లెక్క రాశాడు చూశారా, అచ్చం మన పద్దు పుస్తకంలాగే!

1895 ఏప్రిల్లో బోస్టన్‌లో బయల్దేరాడు. జిబ్రాల్టర్ దాటాక దొంగల పడవ వెంటపడింది. ఇంతలో పెద్ద అల కొట్టి దొంగల తెరచాప కొయ్య కూలింది, స్ప్రే బూమ్ విరిగింది. బూమ్ అంటే తెరచాప కింది అంచుని చాచిపట్టే అడ్డకొయ్య. చాప పెద్దదైతే వేగం నిజమే. కానీ గాలివానలో దాన్ని దించి చుట్టడం ఒక్కడి వల్ల అయ్యే పనా?

బ్యూనస్ అయిర్స్ చేరాక నిలువుకొయ్యని ఊడదీసి 7 అడుగులు తగ్గించాడు. పడవ ముక్కున పొడుచుకొచ్చే కొయ్యని మరో 5 అడుగులు తగ్గించాడు. అదింకో అడుగు తగ్గించాల్సిందని తర్వాత అనుకున్నాడట! 1896లో మగెల్లాన్ జలసంధిలో వెనక వైపు చిన్న కొయ్య నాటి, బుల్లి చాప కట్టాడు.

ఏడడుగులంటే మనకి గుర్తొచ్చేది వేరు కదూ! ఆ బ్యూనస్ అయిర్స్ రేవులోనే, 1884లో, ఆయన మొదటి భార్య వర్జీనియా ఓడ మీదే కన్నుమూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ 13 ఏళ్ళు ఓడల మీదే కాపురం చేసి, పిల్లల్ని పెంచిన ఇల్లాలు. ఇప్పుడు తాడు అందించే చెయ్యి పక్కన లేదు. అన్నీ ఒక్కడే లాగాలి. మరి కొయ్య పొట్టిదవ్వక తప్పుతుందా?

తర్వాత స్ప్రే ఎంత కుదురుగా నడిచిందనుకున్నారు! థర్స్‌డే ద్వీపం నుంచి కీలింగ్ కోకోస్ దీవులదాకా 23 రోజులు, 2,700 మైళ్ళు. అన్నాళ్ళలో ఆయన చుక్కాని పట్టింది మొత్తం మూడు గంటలు మించలేదు. 1898 జూన్‌లో క్షేమంగా న్యూపోర్ట్ చేరాడు.

నాన్నగారు పోయాక మా అమ్మ గుండిగలన్నీ అటకెక్కించి, చిన్న గిన్నెలో ఎసరు పెట్టుకుంది. చూడలేక ఏడ్చాను. "పిచ్చిదానా, ఎత్తగలిగిందే కదే పొయ్యి మీద పెట్టుకోవాలి" అంది. ఆ గిన్నెతోనే పద్దెనిమిదేళ్ళు ఎవరికీ చెయ్యి చాపకుండా ఇల్లు నడిపింది.

నిన్న వెదురుబొంగు కోయించాను. చీర నిమ్మళంగా ఆరుతోంది.